సైకలాజికల్ థ్రిల్లర్ రాస్తున్నారా? ట్విస్ట్ సంగతి తర్వాత చూద్దాం

సైకలాజికల్ థ్రిల్లర్ అనగానే చాలామంది ముందు ట్విస్ట్ పట్టుకుంటారు. చివర్లో హీరోనే హంతకుడనో, ఇంతసేపూ అతనితో మాట్లాడిన స్నేహితుడు అసలు లేనే లేడనో అనుకుని అక్కణ్నుంచి వెనక్కి కథ అల్లుకుంటూ వస్తారు. దయచేసి అలా మొదలుపెట్టకండి. ముందు తేల్చుకోవాల్సింది ఈ కథని ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఆ మనిషి ఏ నిజాన్ని ఒప్పుకోలేకపోతున్నాడు అన్నది. మామూలు థ్రిల్లర్‌లో ప్రమాదం బయటినుంచి వస్తుంది, ఎవడో తరుముతుంటాడు. ఇక్కడ తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేకపోవడమే ప్రమాదం.

ఒక సీన్ అనుకుందాం. ఒంటరిగా ఉండే ఒకావిడ రాత్రి ఇంటికొచ్చింది, లోపల గడియ పెట్టింది, నీళ్లు తాగి గ్లాసు సింకులో వదిలేసి పడుకుంది. తెల్లారి చూస్తే గడియ పెట్టినట్టే ఉంది, సింకులో మాత్రం రెండు గ్లాసులున్నాయి. ఇక్కడ మ్యూజిక్ వద్దు, అరుపు వద్దు. ఆవిడ రెండో గ్లాసు కడిగి, గుడ్డతో తుడిచి, అలమారలో పెట్టేసింది, ఎవరికీ చెప్పలేదు. ఆ తుడవడంలోనే పాత్ర దొరికింది మీకు. ఆవిడ భయం దొంగ గురించి కాదు, తన గురించే.

ఇప్పుడు మూడు దారులున్నాయి: ఇంట్లో ఇంకెవరో ఉన్నారు, లేదా అర్ధరాత్రి లేచి ఆవిడే పెట్టి మరిచిపోయింది, లేదా ఆవిడకి పిచ్చి పట్టిందని నమ్మించాలని ఎవరో చూస్తున్నారు. చూసేవాళ్లకి మూడూ నిజమే అనిపించాలి, రాసే మీకు మాత్రం మొదటి రోజునుంచే ఒక్కటే తెలిసుండాలి.

ఆ మూడో దారికి ఇప్పుడు అందరూ గ్యాస్‌లైటింగ్ అంటున్నారు కదా, ఆ మాట 1938లో పాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకం పేరునుంచి వచ్చింది. భర్త దొంగచాటుగా పై అంతస్తులో గ్యాస్ దీపం వెలిగించినప్పుడల్లా కింద భార్య గదిలో దీపం మసకబారుతుంది. గమనించాల్సింది ఆ దీపాన్ని. భార్య మాట మీద మనకి అనుమానం రావచ్చు గానీ దీపం తగ్గడం నిజంగా జరుగుతోంది, దానికో కారణం ఉంది. మీ కథలో కూడా అలాంటి వస్తువు ఒకటైనా ఉండాలి.

చెప్పేది నమ్మడానికి వీల్లేని కథకుడు కొత్త ట్రిక్కేం కాదు. 1920లో వచ్చిన జర్మన్ మూకీ సినిమా ‘ద క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో కథ చెప్పేవాడు పిచ్చాసుపత్రిలో రోగి అని చివర్లో తెలుస్తుంది. అంటే వందేళ్లకు పైగా చూస్తున్నారు జనం, మొదటి పావుగంటలోనే అనుమానిస్తారు. అనుమానించనివ్వండి. మోసం మాత్రం చేయకండి. పాత్ర అబద్ధం చెప్పొచ్చు, పొరబడొచ్చు. కానీ పాత్ర చూపుతో సంబంధం లేకుండా కెమెరా చూపించింది నిజమై తీరాలి. 1950లో ‘స్టేజ్ ఫ్రైట్’లో హిచ్‌కాక్ ఒక అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడినప్పుడు అది చేయకూడని పని అని తనే ఒప్పుకున్నాడు.

దీనికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. ప్రతి సీన్‌కీ కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క నిజంగా జరిగింది, రెండో పక్క పాత్రకి అనిపించింది రాసుకోండి. లేని స్నేహితుడు ఉన్నాడంటే మూడో మనిషెవరూ అతనికి జవాబివ్వకూడదు, అతను తీసిన తలుపు అని చూసేవాళ్లు అనుకున్నది అప్పటికే తెరిచుండాలి, అతని ముందున్న కాఫీ కప్పు నిండుగానే ఉండాలి. ఓపిక కావాలి, కానీ రెండోసారి చూసినవాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది ఆ కప్పు వల్లే.

అద్దాలు, మెట్లు, వాన, పొడవాటి వరండాలు అన్నీ వాడుకోవచ్చు, ఒక్కోటి ఒక్కసారే. సౌండ్ కూడా తక్కువలో తేల్చండి, 1960 నాటి హిచ్‌కాక్ సినిమా ‘సైకో’కి సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు తప్ప ఇంకేం వాడలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అడుగుతున్నా. హంతకుడికి కారణం దొరక్క జబ్బు పేరు తగిలించకండి. స్కిజోఫ్రేనియా అంటే రెండు వ్యక్తిత్వాలు కాదు, ఆ జబ్బుతో బతికేవాళ్లలో చాలామంది ఎవరికీ హాని చేయరు. సినిమా అయ్యాక వాళ్ల ఇంట్లోవాళ్లు జనం మధ్యకి వెళ్లాలి కదా. జబ్బుకి బదులు అపరాధ భావం, అసూయ, చెప్పుకోలేని దుఃఖం వెతకండి, కథ ఇంకా లోతుకి పోతుంది.

స్క్రిప్టు పూర్తయ్యాక కథ తెలియని ఒకరికిచ్చి, ఎక్కడ ఎవరిమీద అనుమానం వచ్చిందో అంచున రాయమనండి. అనుమానం తొందరగా వచ్చినా ఫర్వాలేదు, అది ఒకరి మీంచి ఇంకొకరి మీదకి మారుతూ ఉంటే చాలు. ఒకే మనిషి మీద చివరిదాకా నిలబడిపోయిందంటే, మిగతా రెండు దారుల్నీ మీరు ఏ పేజీలో వదిలేశారో వెతికి, ఆ పేజీనుంచి మళ్లీ రాయండి.