దావత్ ఉందని పొద్దటి నుంచి కడుపు మాడ్చుకోకండి

సాయంత్రం దావత్ ఉందని పొద్దంతా ఏమీ తినకుండా ఉండేవాళ్లు మన వరంగల్‌లో చాలామందే, అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి, ఎందుకంటే ఆకలి ముదిరాక బగారా అన్నం, మటన్ ముందు పెడితే ఎంత తింటున్నామో సోయి ఉండదు. పొద్దున ఇడ్లీనో ఉప్మానో తినే వెళ్లండి. సకినాలు, గరిజెలు ప్లేట్‌లో పెట్టుకుని డబ్బా మూతేసి లోపల పెట్టేయండి. అత్తమ్మ ‘ఇంకొంచెం బిడ్డా’ అంటే ‘ఇంటికి కట్టియ్యండి అత్తమ్మా’ అంటే సరి, ఆమె కూడా ఖుషీ. ఎక్కువ తిన్నా మర్నాడు ఉపవాసం మాత్రం వద్దు, మళ్లీ అదే ఆకలి. పండుగతో సంబంధం లేకుండా వారానికోసారైనా, 3 నెలలుగా, ఆపుకోలేక తింటుంటే అది జబ్బు కావొచ్చు, డాక్టర్‌కు చూపించుకోండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.