స్క్రూ మిగిలిపోతోందా? ఒక గిన్నె పెట్టుకోండి

ఏదైనా విప్పి మళ్లీ బిగించాక ఒక స్క్రూ మిగిలిపోతుంటే, ఈసారి జాగ్రత్తగా ఉండాలి అనుకుని వదిలేయకండి. పక్కనే ఒక చిన్న గిన్నె పెట్టుకోండి. విప్పిన స్క్రూలు, వాషర్లు అన్నీ అందులోనే వేయండి. గిన్నెలో ఒక్కటి మిగిలినా పని పూర్తి కానట్టే.

1961లో జపాన్ ఇంజనీర్ షిగియో షింగో చెప్పిన ఉపాయం కూడా ఇలాంటిదే. ఒక ఫ్యాక్టరీలో చిన్న స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి. పనివాళ్లు అప్పుడప్పుడు ఒకటి మర్చిపోయేవారు. ముందు రెండు స్ప్రింగులూ తీసి పళ్లెంలో పెట్టుకుని, ఆ తర్వాతే బిగించమన్నారాయన. పళ్లెంలో ఏదైనా మిగిలితే తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఈ పద్ధతికే తర్వాత పోకా-యోకే అని పేరొచ్చింది. మర్చిపోయిన మనిషిని తిట్టకుండా పని చేసే తీరును మార్చడం నాకు చాలా నచ్చింది.

మాత్రలకైతే ఇది ఇంకా అవసరం. వారానికి ఏడు గళ్లున్న డబ్బాలో సర్దుకుంటే, వేసుకున్నామా లేదా అన్న టెన్షన్ ఉండదు. పొరపాటున రెండోసారి వేసుకునే ప్రమాదమూ తగ్గుతుంది. కొన్ని మాత్రలను మాత్రం స్ట్రిప్పులోంచి ముందే తీయకూడదు, ఫార్మసిస్టును అడిగి సర్దండి.