జూ గేములోని డాల్ఫిన్ అసలు డాల్ఫిన్‌కు ఎంత దగ్గరగా ఉందో పరిశీలించడం ఎలా?

జంతుప్రదర్శనశాలను కట్టి నడిపే సిమ్యులేషన్ గేముల్లో డాల్ఫిన్ అంటే సాధారణంగా బాటిల్‌నోస్ డాల్ఫినే. 2002లో జూ టైకూన్‌కు అనుబంధంగా వచ్చిన మెరైన్ మేనియాలోనూ, 2006లో జూ టైకూన్ 2కు అదే పేరుతో వచ్చిన అనుబంధంలోనూ ఈ జాతి ఉంది. ఈ గేములు ఎందరో పిల్లలకు డాల్ఫిన్‌ను తొలిసారి పరిచయం చేశాయి కాబట్టి, అవి చూపించినది ఎంతవరకు నిజమో ఓపికగా పరిశీలించడం అవసరమని నా అభిప్రాయం.

మొదటగా ఆట వేగాన్ని తగ్గించి, వీలుంటే కెమెరాను నీటి లోపలికి దించి, జంతువు ఈతను గమనించండి. చేప తోకను పక్కలకు ఆడిస్తుంది. డాల్ఫిన్ పైకీ కిందికీ ఆడిస్తుంది. ఊపిరి కోసం అది తరచూ పైకి వస్తోందా, తల పైభాగంలోని శ్వాసరంధ్రం తెరుచుకోవడాన్ని చిత్రించారా అన్నది కూడా చూడండి. శరీరం విషయంలో గేములు పెద్దగా తప్పు చేయవు. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

రెండో దశలో శబ్దంపై దృష్టి పెట్టాలి. బాటిల్‌నోస్ డాల్ఫిన్ తన పరిసరాలను చాలావరకు చెవితోనే తెలుసుకుంటుంది. నాసికా మార్గాల్లో పుట్టే క్లిక్ శబ్దాలు నుదుటిలోని కొవ్వు భాగం గుండా ముందుకు సాగి, ఎదుటి వస్తువును తాకి తిరిగి వచ్చినప్పుడు, ఆ ప్రతిధ్వని కింది దవడ ద్వారా లోపలి చెవికి చేరుతుంది. అంతేకాక, ఒక్కొక్క డాల్ఫిన్‌కు తనదంటూ ఒక ప్రత్యేకమైన ఈల ఉంటుంది. దాన్ని బట్టి మిగతావి దానిని గుర్తుపడతాయి. మీ గేములో రెండు డాల్ఫిన్లను వేరువేరు కొలనుల్లో ఉంచి, వాటి ధ్వనుల్లో ఏమైనా తేడా ఉందా, ఒకదాని పిలుపుకు మరొకటి స్పందిస్తోందా అని వినండి. అన్నిటికీ ఒకే కిచకిచ వినిపిస్తే, ఆ శబ్దం కేవలం అలంకారమని గ్రహించాలి.

ఆ తరువాత పరిశీలించవలసినది, అన్నిటికంటే ముఖ్యమైనది, సాంగత్యం. అమెరికాలోని ఫ్లోరిడా తీరాన ఉన్న సారసోటా అఖాతంలో 1970 నుంచి సాగుతున్న పరిశోధన, ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో జరిగిన అధ్యయనాలు బాటిల్‌నోస్ డాల్ఫిన్ల సామాజిక జీవితాన్ని చక్కగా వివరించాయి. గుంపులు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. మగ డాల్ఫిన్లు మాత్రం కొన్ని ఏళ్ల తరబడి జతగా తిరుగుతాయి. తల్లి దాదాపు పన్నెండు నెలలు గర్భం మోస్తుంది. పుట్టిన పిల్ల తల్లి పక్కనే, ఆమె శరీరం చుట్టూ కదిలే నీటి ఒరవడిని ఆసరా చేసుకుని ఈదుతుంది; అందువల్ల దానికి శ్రమ తగ్గుతుంది. అది కొన్నేళ్లపాటు తల్లితోనే ఉంటుంది. గేములో ఒక పిల్ల పుట్టేవరకు ఆడి చూడండి: అది తల్లిని అంటిపెట్టుకుని ఉందా, లేక కొలనంతా ఒంటరిగా తిరుగుతోందా? పెద్దయ్యాక తల్లిని గుర్తుపడుతోందా? ఇన్ని జంతువులుంటే చాలు అని ఒక సంఖ్యతో సరిపెట్టే గేము, వాటి మధ్య బంధాన్ని పక్కన పెట్టేసినట్టే.

నిద్రను కూడా ఒకసారి చూడండి. డాల్ఫిన్ మెదడులో ఒక సగం నిద్రపోతుండగా మరో సగం మెలకువగా ఉంటుంది; కాబట్టి గేములో అది నీటి అడుగున గంటల తరబడి కదలకుండా పడుకుంటే అది పొరపాటే.

చివరిగా ప్రదర్శనల సంగతి. జూ టైకూన్ 2 మెరైన్ మేనియాలో ఆటగాడే జంతువులకు విన్యాసాలు నేర్పి ప్రదర్శన నడపవచ్చు. కాలంతో పాటు ఈ విషయంలో సమాజం దృష్టి మారింది: 2019లో కెనడా డాల్ఫిన్లను, తిమింగలాలను వినోదం కోసం బంధించి ఉంచడాన్ని చట్టంతో నిషేధించింది. అదే ఏడాది విడుదలైన ప్లానెట్ జూ మూల ఆటలో డాల్ఫిన్ లేదు. మీ గేములో ప్రదర్శనలన్నీ ఆపివేసి, కొలనును వీలైనంత పెద్దది చేసి, డాల్ఫిన్లను గుంపుగా ఉంచి కొంతకాలం నడపండి. జంతువుల సంతృప్తి పెరిగి, జూ ఆదాయం పడిపోతే, ఆ గేము రూపకర్తలు డాల్ఫిన్‌ను జంతువుగా ఎంత, ఆదాయ వనరుగా ఎంత ఊహించారో ఆ రెండు అంకెలే మీకు చెబుతాయి.