డాబా మీద ఫోమ్ కొట్టించాక వచ్చే సమస్యలు: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల పనితో మొదలుపెట్టి, చాలా ఏళ్ళుగా ఇళ్ళ డాబాల మీద, ఎండ వేడి కిందికి దిగకుండా, పియు (పాలీయూరిథేన్) ఫోమ్ కొట్టిస్తున్నాను. కొందరు దీన్నే పఫ్ అంటారు. ఫోన్ చేసినవాళ్ళు చెప్పే సమస్యలు తిప్పి తిప్పి ఐదారే. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది, కొట్టే ముందు ఒక పాలిథిన్ ముక్క, ఒక రోజు ఓపిక ఉంటే బయటపడేది. ఆ ఒక్కటీ ఎవరూ చూడటం లేదు. కొట్టేవాళ్ళూ చూడరు, కొట్టించుకునేవాళ్ళూ అడగరు.

ముందు ఫోమ్ ఎలా తయారవుతుందో చెబుతాను. ఐసోసైనేట్, పాలియాల్ అనే రసాయనాలు రెండు డ్రమ్ముల నుంచి సమపాళ్ళలో స్ప్రే గన్‌లోకి వచ్చి, కొట్టిన చోట సెకన్లలో పొంగి గట్టిపడతాయి. ఎంపిక విషయంలో ఒక్కమాట: డాబా పైన కొట్టాల్సింది క్లోజ్డ్ సెల్ ఫోమే, అంటే లోపలి బుడగలు మూసుకుని ఉండేది. బుడగలు తెరుచుకుని ఉండే ఓపెన్ సెల్ ధర తక్కువని ఎవరైనా పైన కొడతానంటే ఒప్పుకోకండి, అది స్పాంజిలా నీళ్ళు పీలుస్తుంది. దాని చోటు ఇంటి లోపల, ఫాల్స్ సీలింగ్ వెనక.

"ఫోమ్ కొట్టించాం, అయినా రాత్రి పదింటికి కూడా గది కాగుతూనే ఉంది"

ముందు ఫోమ్‌ని అనుమానించకండి. సాయంత్రం ఏడింటప్పుడు కుర్చీ వేసుకుని సీలింగ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. తర్వాత అదే చెయ్యి పడమటి గోడ మీద పెట్టండి. గోడ వేడిగా ఉండి సీలింగ్ చల్లగా ఉంటే, ఫోమ్ తన పని తాను చేస్తోంది. మధ్యాహ్నమంతా ఎండ తాగిన ఇటుక గోడ ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతోంది. కావాల్సింది గోడకి నీడ, కిటికీకి బయటివైపు చాప. పైన ఇంకో అంగుళం ఫోమ్ కొట్టించినా ఏమీ మారదు.

సీలింగే వేడిగా ఉంటే మందం, సాంద్రత చూడాలి. మందానికి సైకిల్ చువ్వ చాలు. పది చోట్ల గుచ్చి, దిగినంత మేర గోరుతో గుర్తుపెట్టి స్కేలుతో కొలవండి. 50 మిల్లీమీటర్లు అని చెప్పి అంచుల్లో 50, మధ్యలో 30 కొట్టిన పనులు చాలా చూశాను. పిట్టగోడ పక్కన కొలిచి తృప్తిపడకండి, మధ్యకి వెళ్ళండి.

సాంద్రతకి వంటింటి కాటా కావాలి. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఐదు మందం ఉన్న ముక్క కోయించి తూచండి. డాబా మీద కొట్టే ఫోమ్ ఘనపు మీటరుకి 40 నుంచి 45 కిలోలు ఉండాలి, కేంద్ర ప్రజా పనుల శాఖ లెక్క కూడా ఇదే. అంటే మీ ముక్క 20 నుంచి 22 గ్రాములు తూగాలి. పదిహేను గ్రాములే ఉంటే అది కాలు పెడితే నలిగే సరుకు, పైన కాంక్రీటు మోయలేదు. పని మొదలవకముందే అయితే ఇంకో లెక్క ఉంది. వెయ్యి చదరపు అడుగుల డాబాకి 50 మిల్లీమీటర్లు రావాలంటే దాదాపు రెండు వందల కిలోల రసాయనం దిగాలి, వృథా అయ్యేది లెక్కలో వేయకుండానే. డ్రమ్ములు వచ్చినప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి తూయించండి.

"సీలింగ్ మీద మరక వచ్చింది, పైన ఫోమ్ పొక్కులెక్కింది"

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నన్ను దెబ్బతీసింది ఇదే.

రోహిణి కార్తెలో తెనాలి వైపు ఒక మాస్టారింటికి ఫోమ్ కొట్టాం. పాత డాబా, పైన కూలింగ్ టైల్స్. ఎండ నిప్పులు కురుస్తోంది, టైల్స్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అయినా పద్ధతి ప్రకారం పాలిథిన్ పరిచి చూశాం, చుక్క చెమ్మ లేదు. ఫోమ్ పట్టుకునేలా ముందు ప్రైమర్ వేసి, ఫోమ్ కొట్టి, ఎండ తగలకుండా పైన పూత వేసి వచ్చేశాం. మూడు వారాలకి మాస్టారు ఫోన్ చేశారు. పడకగదిలో ఫ్యాను పక్కన పళ్ళెమంత పసుపు మరక. "ఏమయ్యా, ఫోమ్ వేయకముందు ఇరవై ఏళ్ళలో ఈ మరక లేదు" అన్నారు. వెళ్ళి పైన చూస్తే రెండు చోట్ల ఫోమ్ పూరీలా ఉబ్బింది. ఫోమ్ అతుకు దగ్గర లోపం అనుకుని, ఆ రెండు చోట్లా కోసి నా ఖర్చుతోనే మళ్ళీ కొట్టాను. పదిహేను రోజుల్లో మరక ఇంకా పెద్దదైంది. అప్పటికి ఆ ఊళ్ళో వాన చుక్క పడలేదు. ఆ ఒక్క సంగతి మొదటిరోజే నాకు తట్టి ఉండాల్సింది. వాన లేకుండా వచ్చే నీళ్ళు ఇంటి నీళ్ళే.

రాత్రి పదింటికి మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు లోపల నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీశాం. పొద్దున ఆరింటికి నాలుగు వేళ్ళు దిగింది. ట్యాంకు దిమ్మె పక్కన టైల్స్ లేపితే, కింద సిమెంటు పరుపులో దాచిన పైపు మోచేతి అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. అక్కడి నుంచి నీళ్ళు టైల్స్ కింద, స్లాబ్ వాటం వెంట పన్నెండు అడుగులు నడిచి, ఫ్యాను వైరు పైపు దగ్గర కిందికి దిగాయి.

మరి ఇన్నేళ్ళూ మరక ఎందుకు రాలేదు? ఆ చెమ్మకి పైకి పోయే దారి ఉండేది. పగలంతా స్లాబ్ కాగి, కొద్దికొద్దిగా కారిన నీరు టైల్స్ సందుల్లోంచి ఆవిరైపోయేది. మేం ఫోమ్ కొట్టి ఆ దారి మూసేశాం. క్లోజ్డ్ సెల్ ఫోమ్ లోంచి ఆవిరి దాదాపు పోదు. ఇక మిగిలింది కిందికి దారే. కింద దారి చిన్నదై, పైన అతుకు బలహీనంగా ఉన్న చోట ఆవిరి ఫోమ్‌ని లేపుతుంది. అందుకే "ఫోమ్ వేశాకే కారుతోంది" అన్న మాట నిజమే, "ఫోమ్ వల్ల కారుతోంది" అన్నది మాత్రం కాదు. అయినా తప్పు మాదే. చూడాల్సిన చోట చూడలేదు. పాలిథిన్ టైల్ పైన పరిచాం, చెమ్మ టైల్ కింద ఉంది.

అందుకని పరీక్ష ఇలా చేయండి. రెండడుగుల చదరం ఉన్న పారదర్శకమైన పాలిథిన్ తీసుకుని, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. పొద్దున తీసినప్పుడు అడుగున బొట్లు ఉన్నా, ఆ చదరం మేర స్లాబ్ రంగు ముదిరినా, చెమ్మ ఉన్నట్టే. ట్యాంకు పక్కన, తూము దగ్గర, పిట్టగోడ మూలలో, మధ్యలో, కనీసం నాలుగు చోట్ల చూడాలి. పైన టైల్స్ గానీ, పాత ఇటుకముక్కల సున్నపు పరుపు గానీ ఉంటే, ఒక్కోచోట టైల్ లేపి కింద ఉన్న పరుపు మీద పరచాలి. ఒక టైల్ పగలగొడితే ఏమవుతుందోనని ఓనర్లు జంకుతారు. నచ్చజెప్పండి. ఆ టైల్ ఎలాగూ ఫోమ్ కిందికే పోతుంది.

చెమ్మ మీద కొడితే ఆ పూటే జరిగే నష్టం ఇంకోటి ఉంది. ఐసోసైనేట్‌కి నీరు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ గ్యాస్ ఫోమ్ అడుగున బుడగలు కట్టి, స్లాబ్‌ని గట్టిగా పట్టుకోనివ్వదు. పైనుంచి అందంగానే కనిపిస్తుంది. చేత్తో తడితే డొల్ల చప్పుడొస్తుంది.

ఇప్పటికే పొక్కులు వచ్చి ఉంటే, వాటిని గుచ్చి లోపలికి ఏదో పోసి అతికించే పని పెట్టుకోకండి. మరక ఫ్యాను దగ్గర ఉంటే ముందు ఆ గది మెయిన్ ఆపండి. తర్వాత నీళ్ళు ఎక్కడివో తేల్చండి. వాన లేని రోజుల్లో కూడా మరక పెరిగితే ట్యాంకు పరీక్ష చేయండి, ఫ్లష్ ట్యాంకులు కారడం లేదని చూసుకుని. వానకే పెరిగితే తూము, పిట్టగోడ అడుగు చూడండి. దారి కట్టేశాకే పొక్కు చుట్టూ గట్టిగా అతుక్కున్న ఫోమ్ వచ్చేదాకా, ఇంకో అడుగు అవతలికి చదరంగా కోసి తీయండి. ఎండకి వదిలేయండి. వేసవిలో అయితే నాకు పది పదిహేను రోజులు పడుతోంది. మళ్ళీ పాలిథిన్ పరచండి. పొడిగా ఉంటేనే ప్రైమర్, ఫోమ్, పాత పూత మీదికి జానెడు ఎక్కేలా కొత్త పూత. డాబాలో మూడో వంతు పొక్కులే అయితే ముక్కలు కోయడం దండగ, మొత్తం తీసేయడమే నయం.

కొత్తగా కొట్టించేవాళ్ళు నీళ్ళు నిలగట్టే పరీక్ష ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోండి. తూము మూసి రెండంగుళాల నీళ్ళు రెండు మూడు రోజులు ఉంచి, కింద సీలింగ్ చూసి, కారితే బాగుచేయించి, ఆరనిచ్చి, ఏప్రిల్, మేలో ఫోమ్ కొట్టించండి. ఆగస్టులో నాలుగు రోజులు ఎండ కాసిందని కంగారుగా కొట్టించవద్దు. ఆ ఎండకి పై పొర ఆరుతుంది, పరుపు ఆరదు.

"ఫోమ్ పసుపెక్కి పొడిలా రాలుతోంది"

ఎండ పడింది, పైన పూత లేదు. అంతే. పియు ఫోమ్‌కి ఎండలోని అతినీలలోహిత కిరణాలు సరిపడవు. ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు, ఆపైన వేలితో రాస్తే పొడి. చీపురుతో ఆ పొడి అంతా పోయేదాకా గీకి, గట్టి పొర కనిపించాక పూత వేయండి. పొడి మీదే పూత వేస్తే పూతతో సహా ఊడుతుంది. డాబా మీద బట్టలు ఆరేసుకుంటారు, మిర్చి ఆరబోస్తారు, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు అనుకుంటే ఒక్క పూత నిలవదు. ఫోమ్ మీద మందపాటి పాలిథిన్ పరిచి, దానిపైన తీగ జాలీ వేసి 40 మిల్లీమీటర్ల కాంక్రీటు, రెండున్నర మీటర్ల గళ్ళుగా పోయించండి. గళ్ళ మధ్య సందులు మాస్టిక్‌తో, అంటే సాగే సీలెంట్‌తో, నింపించండి. వాటిని సిమెంటుతో పూడిస్తే మొదటి ఎండాకాలానికే పగుళ్ళిస్తాయి.

"వాసన పోవడం లేదు"

చేపల వాసన లాంటిది మొదటి ఒకటి రెండు రోజులు వస్తే కంగారు పడొద్దు. ఇంటి లోపల కొట్టించినప్పుడు కనీసం ఒక రోజంతా ఎవరూ లోపల ఉండకూడదు. ఆస్తమా ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఇంకా ఎక్కువ రోజులు దూరంగా ఉండాలి. కిటికీలు తీసి ఉంచినా వారం దాటి వాసన వస్తోందంటే, రెండు రసాయనాల పాళ్ళు తప్పాయి, లేదా ఒకే దెబ్బకి మందంగా కొట్టేశారు. ఒక ముక్క కోసి చూడండి. లోపల మెత్తగా, జిగురుగా గానీ, గాజులా పెళుసుగా గానీ ఉంటే ఆ భాగం తీయించాల్సిందే. పైన పెయింట్ వేస్తే పోతుందని చెప్పే మాట నమ్మకండి.

"రేకుల ఇంటికి కింద కొట్టించాం, రేకులు తుప్పు పడుతున్నాయి"

మేకుల దగ్గర, బోల్టుల దగ్గర కారే నీళ్ళని ఫోమ్ లోపల దాచేసింది. రేకులకి ముందు వాషర్లు మార్పించి, ఒక వాన చూసి, అప్పుడు కొట్టించాలి. సిమెంటు రేకులైతే వాటిని గీకి, బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయనివ్వకండి. వాటిలో చాలావాటికి ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటి లోపలి ఫోమ్‌ని ఎప్పుడూ తెరిచి వదలొద్దు, ముఖ్యంగా వంటింట్లో. అది మండే సరుకు, మండితే వచ్చేది విషపు పొగ. జిప్సం బోర్డు వేయించేదాకా పని పూర్తయినట్టు కాదు. ఆ ఖర్చు కష్టమైతే రేకుల పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించుకోండి. పగటి వేడికి అది బాగానే పనిచేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ అలాంటి పైకప్పుల గురించే.

మిగతావి అరుదు. అంచుల్లో ఫోమ్ ముడుచుకుని సందు రావడం చలి ప్రాంతాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. వస్తే ఆ సందులో డబ్బా ఫోమ్ నింపితే సరి. కాకులు పొడవడం, ఎలుకలు తొలవడం ఎక్కువగా పూత లేని చోటే జరుగుతుంది. కొట్టిన ఫోమ్ అలలు అలలుగా ఉందని కొందరు టెన్షన్ పడతారు. తూము వైపు వాటం ఉండి, నీళ్ళు ఎక్కడా నిలవకపోతే వదిలేయండి.

డబ్బు విషయంలో ఒకటి చేయండి. పదో వంతు సొమ్ము మొదటి రెండు పెద్ద వానలయ్యాక ఇస్తామని ముందే కాగితం మీద రాసుకోండి, పాలిథిన్ పరీక్ష ఫోటోలు తేదీతో సహా దానికి జతచేయమనండి. నా పనులన్నిటికీ ఇప్పుడు నేనే అలా రాసిస్తున్నాను. లేపిన టైల్ కింద పరుపు కనిపించేలా తీసిన ఫోటో లేకపోతే, గన్ పట్టుకునే కుర్రాళ్ళని డాబా ఎక్కనివ్వను.