కుక్కకు బెల్టు ఎలా ఎంచుకోవాలి?

షాపుకి వెళ్లి "ల్యాబ్రడార్ అండీ, ఏడాది వయసు" అంటే అందాజాగా ఒక బెల్టు చేతిలో పెడతారు. దాని మీదున్న ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలు కంపెనీకో రకంగా ఉంటాయి. అందుకే ముందు ఇంట్లోనే మెడ కొలవండి.

1. దర్జీ టేపుని బెల్టు ఉండే చోట చుట్టి, లోపల రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంచి కొలవండి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. 40 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, 35 నుంచి 50 దాకా సర్దుకునే బెల్టు తీసుకోండి.

2. వెడల్పు చూడండి. పామరేనియన్ లాంటి చిన్నవాటికి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు చాలు. ల్యాబ్‌కి రెండున్నర ఉండాలి. పెద్ద కుక్కకు సన్న బెల్టు వేస్తే, అది లాగినప్పుడల్లా మెడ కోసుకుపోతుంది.

3. నైలాన్ చవక, ఉతకడం తేలిక. కానీ అంచుని మీ మణికట్టు లోపలివైపు రుద్ది చూడండి; మీకు గీసుకుంటే దానికీ గీసుకుంటుంది. తోలు మెత్తగా ఉంటుంది గానీ వానాకాలంలో బూజు పడుతుంది. లాగితే బిగుసుకునే చోక్ చైన్, మేకుల బెల్టు ఎంత చవకగా వచ్చినా వద్దు.

4. లీష్ (మనం పట్టుకునే తాడు) తగిలించే రింగులో అతుకు దగ్గర సందు ఉండకూడదు. క్లిప్పు పెట్టి రెండు చేతులా గట్టిగా లాగి చూడండి. షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

5. ఇంటికొచ్చాక వేసి, మళ్లీ రెండు వేళ్లు పెట్టి చూసి, చెవుల మీదుగా మెల్లగా లాగండి. ఊడి రాకూడదు. ముధోల్, చిప్పిపారై లాంటి వేటకుక్కలకు తల సన్నం, మామూలు బెల్టు జారిపోతుంది; లాగినప్పుడు కొద్దిగా మాత్రమే బిగిసే మార్టింగేల్ రకం అడగండి. దానితో కట్టేసి మాత్రం వదిలేయకండి. పగ్‌కి అసలే ఊపిరి ఇబ్బంది, లీష్‌ని మెడకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కే తగిలించండి.

6. కూనలకు వారానికోసారి వేళ్లు పెట్టి చూడాల్సిందే. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. వీధిలోంచి తెచ్చుకున్న మా బుజ్జిగాడికి గజ్జెల బెల్టు వేసి మురిసిపోయాను. రెండు నెలలు పోయాక మెడ దగ్గర వాసన వస్తుంటే బొచ్చు పక్కకి తీసి చూశాను. బెల్టు కింద చుట్టూ ఎర్రటి గాడి, వెంట్రుకలు ఊడి చర్మం తడితడిగా ఉంది. డాక్టర్ కత్తెరతో బెల్టు కోసి తీశారు. దిష్టికి కట్టే నల్లతాడుతోనూ ఇదే గొడవ. కట్టినరోజు గుర్తుంటుంది, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు.

తడిసిన బెల్టు ఆరేదాకా వేయకండి. రెండు కుక్కలు ఆడుకుంటుంటే తీసేయండి, ఒకదాని దవడ ఇంకోదాని బెల్టులో ఇరుక్కుంటుంది. బెల్టుకి తగిలించే బిళ్ల మీద మీ ఫోన్ నంబర్ పెద్దగా చెక్కించండి. పేరుకి చోటు లేకపోయినా ఫర్వాలేదు.