పిల్లల మాటలతోనే పిల్లల పుస్తకం: ఫోన్ రికార్డర్ ఉంటే చాలు

3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు మాట, వినికిడి, చదువు అలవడడానికి ఫోన్‌లో వాయిస్ రికార్డర్, కెమెరా ఉంటే సరిపోతుంది. యాప్‌లేవీ కొనక్కర్లేదు. పాటల వీడియో పెట్టి చేతికిస్తే పిల్లలు వింటారు గానీ, వాళ్లేమన్నా బదులు పలికేవాళ్లుండరు. ఇచ్చిపుచ్చుకుంటేనే మాట పెరుగుతుంది. రెండేళ్లలోపు తెర అసలు వద్దని, 2 నుంచి 5 ఏళ్ల వరకు రోజుకు గంట దాటొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన. ఇక్కడ చెప్పే పనుల్లో చాలావాటికి తెర చూడాల్సిన అవసరమే రాదు.

ముందు చెవి

ఇంట్లో, వీధిలో వినబడే ఎనిమిది చప్పుళ్లు రికార్డు చేయండి: కుక్కర్ విజిల్, ఆటో స్టార్ట్ అవడం, గుడి గంట, మసీదు అజాన్, బిందెలో నీళ్లు పడడం, మెట్రో తలుపుల బీప్, ఇలా. ఒక్కోటి 6 నుంచి 8 సెకన్లు చాలు, అంతకంటే సాగితే ధ్యాస మళ్లుతుంది. ఫోన్ బోర్లా పెట్టి వినిపించండి. "ఇదేంటి?" అంటే "కుక్కర్" అని ఊరుకుంటారు. "ఇది ఎక్కడ విన్నావు? అప్పుడు ఏం చేస్తున్నావు?" అంటే వాక్యం వస్తుంది. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టండి. ఈ ఆట ఎక్కువగా చెడేది ఇక్కడే, పెద్దవాళ్లు ఆగలేక జవాబు తామే చెప్పేస్తారు.

తర్వాత మాటల్ని విరవడం. ఒక్కో అక్షరం ధ్వనిని విడివిడిగా పలికించి చదివించే ఇంగ్లిష్ ఫోనిక్స్ యాప్‌ల పద్ధతి తెలుగుకు యథాతథంగా పనికిరాదు. తెలుగు రాతలో హల్లు, అచ్చు కలిసి ఒకే అక్షరం. "పలక"ను ప-ల-క అని చప్పట్లతో విరవడం నాలుగేళ్లకు అందుతుంది. ప్-అ-ల్-అ-క్-అ అని విరవమంటే అందదు. ఒత్తున్న మాటల్లో మాత్రం చిక్కుంది: "బస్సు"ను పిల్లలు బస్-సు అని విరుస్తారు, రాతలో అది బ-స్సు. తప్పనకండి, చెవికి వినబడేది అదే.

పుస్తకం తయారీ

అసలు పని ఇది. ఒకే సంగతి మీద ఆరు ఫొటోలు తీయండి: బోనాల రోజు, జూపార్కు, అమ్మమ్మ ఇంట్లో గారెలు, ఏదైనా సరే. పిల్లలే తీస్తే మరీ మంచిది. తర్వాత ఒక్కో ఫొటో చూపి, దాని గురించి పిల్లలతోనే చెప్పించి రికార్డు చేయండి. రికార్డింగ్‌కు ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. సూటిగా ఎదురు పెడితే ప, బ పలికినప్పుడు ఊపిరి మైకుకు కొట్టి బుస్సుమంటుంది. ఫొటోకొక ఫైలు చేసి 1 నుంచి 6 వరకు అంకెలే పేరుగా పెట్టండి.

పాప ఏమందో అదే రాయండి. "నాన్న నన్ను బండి మీద కూసోవెట్టిండు" అంటే "కూర్చోబెట్టాడు" అని దిద్దకండి. తాను అన్న మాటే కాగితం మీద కనబడుతోందని తెలిసినప్పుడు రాత అంటే ఏమిటో బోధపడుతుంది, దిద్దితే ఆ లంకె తెగుతుంది. మన హైదరాబాద్ ఇళ్లలో తెలుగులో ఉర్దూ, ఇంగ్లిష్ కలుస్తూనే ఉంటాయి. వాటినీ తెలుగు లిపిలో అలాగే ఉంచండి. వాయిస్ టైపింగ్ వాడాలనుకుంటే వాక్యాన్ని మీరు పలకండి. చిన్నపిల్లల గొంతును అది తరచూ తప్పుగా వింటుంది, పదేపదే చెప్పిస్తే పిల్లలు నోరు మూసుకుంటారు.

రెండు ఏ4 కాగితాలు సగానికి మడిచి ఒకదానిలో ఒకటి పెడితే ఎనిమిది పేజీలు: ముందు అట్ట, ఆరు ఫొటోలు, వెనక అట్ట. పేజీకి నాలుగైదు మాటల వాక్యం ఒకటి. అక్షరాలు 28 పాయింట్లకు తగ్గొద్దు. వాక్యం రెండు వరసలకు సాగితే మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచండి, లేకుంటే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. జిరాక్స్ షాపుకు వర్డ్ ఫైలు పంపితే అక్కడ ఫాంట్ లేక ఒత్తులు చెదిరిపోవచ్చు, పీడీఎఫ్ పంపండి. ఫొటోలను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే మసకబారవు.

మొదటి మూడు రోజులు రికార్డింగ్ వినిపిస్తూ మాటల కింద వేలు కదిపించండి. తర్వాత రికార్డింగ్ లేకుండా. అప్పుడు చాలామంది చదవరు, కంఠతా అప్పజెబుతారు. కంగారొద్దు, చదువుకు అది తొలిమెట్టు. ఒక మాటను చీటీ మీద రాసి పేజీలో వెతకమంటే ఎంత గుర్తుపడుతున్నారో తెలుస్తుంది. మ-య, ప-ష లాంటి పోలిక ఉన్న జంటలను ఒకే రోజు చూపకండి. "మ" వచ్చాక సిటీ బస్సు బోర్డు మీద "మలక్‌పేట" అన్న పేరులో దాన్ని పట్టుకోమనండి. ఇలాంటి పుస్తకాలు నాలుగైదు అయ్యాక, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో చూడండి, ఒకటో స్థాయి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి.

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే తిరగకపోయినా ఈ ఆటలతో కాలయాపన చేయకండి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడినప్పటి రెండు నిమిషాల రికార్డింగ్ వెంట తీసుకెళ్లండి, కొత్త చోట పిల్లలు నోరు విప్పకపోవచ్చు.