పిచి-పిచి కుదరకపోతే ఎక్కడ చూడాలి?

పేరు వినగానే మనకు నవ్వొస్తుంది కానీ ఫిలిప్పీన్స్‌లో, ముఖ్యంగా కెజోన్ ప్రావిన్స్‌లో, పిచి-పిచి అంటే కర్రపెండలంతో చేసే నోరూరించే మిఠాయి. అక్కడ కర్రపెండలాన్ని కమోటెంగ్ కాహోయ్ అంటారు. కాహోయ్ అంటే కర్ర. మనవాళ్లకూ వాళ్లకూ ఒకే పోలిక తట్టిందన్నమాట.

కొలత సులువే: 2 కప్పుల దుంప తురుము, 1 కప్పు చక్కెర, 2 కప్పుల నీళ్లు, అర టీస్పూను లిహియా. లిహియా అంటే అక్కడి దుకాణాల్లో సీసాల్లో అమ్మే క్షారజలం. పసుపు ఛాయ, సాగే గుణం దానివల్లే వస్తాయి. అన్నీ కలిపి చిన్న గిన్నెల్లో పోసి, ముప్పావు గంట నుంచి గంట దాకా ఆవిరి మీద ఉడికించి, కొబ్బరి కోరులో దొర్లిస్తారు.

గిన్నెలోంచి తీస్తే జావలా జారిపోతోంది

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ముందు అడగాల్సిన ప్రశ్న: చల్లారిందా? వేడి మీద ఇది ఎప్పుడూ జారుడుగానే ఉంటుంది. పూర్తిగా చల్లారాకే బిగుస్తుంది, కాబట్టి తొందరపడకండి.

చల్లారినా జారితే తప్పు నీళ్లది, లేదా పోయిన పిండిది. చేదు పోవాలని తురుమును పిండి, ఆ రసం పారబోస్తే బిగువునిచ్చే పిండి పదార్థం కూడా పోతుంది. రసాన్ని పావుగంట కదపకుండా ఉంచి, పైనీళ్లు వంచేసి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని తురుములో కలపండి. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో సగ్గుబియ్యానికి మూలం ఆ పిండే. గడ్డకట్టించి అమ్మే తురుము వాడితే, కరిగాక వచ్చే నీటిని కొలతలోంచి తగ్గించాలి. మూత నుంచి చుక్కలు పడకుండా గుడ్డ చుట్టడం మరవకండి.

అడుగు గట్టిగా, పైన పలచగా ఉంది

పిండి అడుగుకు దిగిపోయింది. ప్రతి గిన్నెలో పోసే ముందు మిశ్రమాన్ని గరిటెతో కలపాలి.

మధ్యలో తెల్లటి మచ్చ

ఉడకలేదు. అంతా అద్దంలా పారదర్శకంగా మారేదాకా మళ్లీ ఆవిరికి పెట్టండి.

సబ్బు రుచి లేదా చేదు

సబ్బు రుచి లిహియా ఎక్కువైతే వస్తుంది. దానికి మందు లేదు, పారేయడమే. ఈసారి కళ్లతో కాకుండా చెంచాతో కొలవండి. అది చర్మాన్ని కాలుస్తుంది, అల్యూమినియాన్ని తింటుంది, కాబట్టి స్టీలు గిన్నెలే మేలు.

లిహియా సరిగ్గానే ఉండి చేదుగా ఉంటే అనుమానం దుంప మీదే. కర్రపెండలంలో సయనైడును విడుదల చేసే పదార్థాలుంటాయి. చేదు రకాల్లో అవి మరీ ఎక్కువ. రుచి చూసి ఆగిపోండి, చక్కెరతో కప్పిపుచ్చకండి. తీపి రకమైనా పై తొక్కతో పాటు దాని కింది మందపాటి పొరనూ ఒలిచేయాలి, నడిమి పీచు తీసేయాలి. కోస్తే లోపల నీలిరంగు చారలు కనిపించే దుంప పాతది, వద్దు.

మర్నాటికి రబ్బరులా అయింది

ఫ్రిజ్ చేసిన పని. ఐదు నిమిషాలు ఆవిరి తగిలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. కొబ్బరి మాత్రం త్వరగా పులుస్తుంది, అందుకే కోరును కొద్దిసేపు ఆవిరి పట్టి, తినే పూటే అద్దండి. కొబ్బరి అంటుకోకపోతే మిఠాయి పైభాగం ఆరిపోయిందని అర్థం. అప్పుడు తడి చేత్తో ఒకసారి నిమిరితే చాలు.